తారు పూసుకున్న శకునం

ఇసిన్ పట్నంలో కాలువగట్టు వీధి వాళ్ళకి జబ్బు చేస్తే ఇద్దరికి కబురు వెళ్ళేది. ఒకరు మంత్రం వేసే ఉబార్, రెండోది మందు వేసే రిబాతు. ముందు ఎవరు గడప తొక్కాలన్న తగువు వాళ్ళ మధ్య ఎప్పుడూ రాలేదు. ముందు ఉబార్ రావాలి. పట్టింది దయ్యమో దేవుడో తేల్చాలి. తోవలో తనకి ఎదురైన శకునాన్ని బట్టి మనిషి బతుకుతాడో పోతాడో చెప్పాలి. ఆ తర్వాత రిబాతు కుండలూ కట్లూ పట్టుకుని రావాలి. అదీ బతుకుతాడంటేనే. పోతాడని తేలిన మనిషికి మందు పోయడమంటే దేవుళ్ళతో తగాదాకి దిగడమే. అంత ధైర్యం ఇసిన్‌లో ఎవరికీ లేదు. రిబాతుకీ లేదు.

ఆమె పొట్టి మనిషి. నడకలో మాత్రం పొడుగుకాళ్ళ వాళ్ళని వెనక్కి నెట్టేది. వైద్యం తండ్రి దగ్గర నేర్చింది. ఆయనకి మగపిల్లలు లేనన్నాళ్ళూ కూతురి చేత మందులు నూరించాడు. లేకలేక తమ్ముడు ఇద్దిన్ పుట్టేసరికి ఆమె చెయ్యి రోలుకి అలవాటు పడిపోయింది. "వీడి చేతికి రోకలిస్తే వేలు నూరుకుంటాడు, నీ దగ్గరే ఉంచు" అని నల్లరాతి రోలు ఆమెకే ఇచ్చి పోయాడు. ద్రాక్షతీగ నూరినా, ఆవాలు నూరినా, దేవదారు జిగురు మెదిపినా పెదవుల మీద వైద్యదేవత గుల తల్లి మంత్రం ఆడుతూనే ఉండేది. నయమైతే "నాదేం లేదు, తల్లి చెప్పింది, నేను పలికాను" అనేది. నయం కాకపోతే మాత్రం తల్లిని మధ్యలోకి తెచ్చేది కాదు. "కట్టు నాదే, తప్పు నాదే" అనేది.

నాలుగేళ్ళ కిందట ఆమె భర్త ఎరిబ్‌కి జ్వరం వచ్చింది. ఖర్జూరపు చెట్లెక్కే మనిషి, ఉక్కులాంటివాడు. ఉబార్ వస్తుంటే దారికి అడ్డంగా నల్లకుక్క పడుకుని ఉంది. ఆయన గుమ్మం బయటే నిలబడి తల అడ్డంగా ఊపాడు. రిబాతు మారుమాట లేకుండా పొయ్యి మీద కాగుతున్న మందు దించేసింది. ఎరిబ్ తొమ్మిది రోజులు ఉన్నాడు. మూడో రోజు దాహమని అడిగితే నీళ్ళిచ్చింది. ఆ నీళ్ళలో ఏమీ కలపలేదు. తొమ్మిది రోజులు నిలబడ్డ ఒంట్లో మందు కూడా పడి ఉంటే ఏమయ్యేదని ఆమె ఎవరినీ అడగలేదు. అడిగితే జవాబు చెప్పేవాళ్ళూ లేరు.

ఇద్దిన్ పడవలకి తారు పూసేవాడు. వేసవి మొదట్లో చెక్క చెక్కే బాడిస జారి పాదం మీద పడింది. తెగినచోట తనే ఇంత తారు మెత్తి, పైన పీలిక చుట్టి, అక్కకి చెప్పకుండా అయిదు రోజులు తిరిగాడు. ఆరో రోజు పాదం గుమ్మడికాయలా ఉబ్బింది. ఏడో రోజు ఒళ్ళు కాలిపోయింది. అప్పుడు అతని పెళ్ళాం లమస్సి ఇద్దరి ఇళ్ళకీ కబురు పంపింది.

రిబాతు చంకలో మందు కుండతో, చేతిలో కట్టు గుడ్డలతో వీధి మలుపు తిరిగేసరికి గుమ్మం ముందు మంత్రగాడి ఎర్రశాలువా కనిపించింది. ఉబార్ గడప ఇవతలే నిలబడి ఉన్నాడు. లోపలికి వెళ్ళలేదు. లమస్సి జుట్టు విప్పుకుని నేల మీద కూలబడి ఉంది.

"ఏమైందే?" అంది రిబాతు.

"నల్లపంది వదినా. అయ్యగారికి ఎదురొచ్చిందిట. ఎక్కడో కాదు, మన గుమ్మం ముందే."

రిబాతు ఆగలేదు. లోపలికి వెళ్ళింది. ఇద్దిన్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. బయటి మాటలన్నీ అతను విన్నాడని వీపు చూస్తేనే తెలిసింది.

"ఇటు తిరుగు. నోరు మూసుకుని నోరు తెరు."

"ఏ నోరు మూసి ఏ నోరు తెరవనక్కా?" అన్నాడు. గొంతు పీచులా ఉంది. "కుండ బరువు, దించెయ్. ఇంకెవరికైనా పనికొస్తుంది ఆ మందు. నాకు రాసేశారు."

"రాసింది చదవడానికి నీకు అక్షరం ముక్క రాదు."

"అయ్యగారికి వచ్చుగా. బావకీ ఆయనే చదివారుగా."

ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. పాదం ముట్టుకోబోతే లాక్కున్నాడు. గిన్నె పెదాల దగ్గర పెడితే పళ్ళు బిగించాడు. చిన్నప్పుడు చేదు మందుకి మొరాయించిన తమ్ముడు కాదు ఇతను. అప్పటి మొండితనంలో కోపం ఉండేది, ఇప్పుడు అదీ లేదు. వాపు మడమ దాటి పైకి పాకుతోంది. ఈ పూట కోసి చీము తియ్యకపోతే రేపటికి మోకాలెక్కుతుంది. ఎల్లుండి ఉండదు. శకునం నిజమే అవుతుంది.

బయటికొచ్చి గుమ్మం పక్క అరుగు మీద కుండ దించి కూర్చుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టడానికి లమస్సి ముఖంవైపు చూస్తున్నారు. రిబాతు ఎవరి ముఖమూ చూడలేక తలుపు వారనున్న గోడని చూసింది. మోకాలెత్తున మట్టిపూత మీద జానెడు నల్లటి చార ఉంది. ఒళ్ళు దురదపెట్టి జంతువేదో రాసుకున్న గుర్తు. వేలు పెడితే అంటుకుంది. వాసన చూసింది, తారు. ఆ తారులో రెండు బిరుసు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. వాటిని గోటితో లాగి ఎండకి పెట్టి చూసింది. కుదుళ్ళ దగ్గర తెల్లగా ఉన్నాయి.

ఉబార్ అప్పటికే నాలుగడుగులు వేశాడు.

"అయ్యగారూ, ఒక్క మాట. మీకెదురైన పంది ఎంత నలుపు?"

"నలుపులో ఎంతేమిటమ్మా. నలుపు."

"చెవుల లోపల?"

"పంది చెవుల్లోకి తొంగి చూడ్డానికా నేనొచ్చింది?" అని వెనక్కి తిరిగాడు. ముఖంలో విసుగు లేదు, అలసట ఉంది. "మీ ఆయనప్పుడూ నా నోటితోనే చెప్పాల్సొచ్చింది. నాకేం సంబరమా రిబాతూ? ఆ పూట నేనూ అన్నం తిన్లేదు."

"మిమ్మల్ని అనడంలేదు. గోడ మీద రంగు వదిలిపెట్టే పందిని మీరెప్పుడన్నా చూశారా?" అని నల్లబడ్డ వేలు చూపించింది.

ఆయన వేలు చూశాడు, గోడ చూశాడు, వెంట్రుకలు చూశాడు.

"చూసింది చెప్పాను. పెద్దలు మట్టిపలకల మీద రాసిపెట్టింది చెప్పాను. పందిని తడిమి చూడమని పలకలో లేదు."

"తడమొద్దని ఉందా?"

"లేదు."

"అయితే నేను తడుముతాను. మీరు చూడండి."

"చూస్తే చూస్తాను గానీ ముందే చెబుతున్నా. తెల్లపంది ఎదురైతే మనిషి బతుకుతాడు, నిజమే. కానీ తాడు కట్టి తోలుకొచ్చి నా ముందు నిలబెట్టేది శకునం కాదు. అట్లా అయితే ఊళ్ళో ఉన్నవాళ్ళందరూ తలో తెల్లపందినీ కొట్టంలో కట్టేసుకుంటారు."

"తోలుకురాను" అంది రిబాతు.

పడవల రేవులో తారు గుంట మూత లేకుండా నోరు తెరుచుకుని ఉంది. రోజూ సాయంత్రం పని దిగేటప్పుడు దాని మీద చాప పరిచి నాలుగు రాళ్ళు పెట్టడం ఇద్దిన్ పని. ఇద్దిన్ మంచం పట్టాక ఆ పని ఎవరిదీ కాలేదు. ఎండకి తారు జున్నులా మెత్తబడింది. ఒక పక్కన పెద్ద ఒళ్ళేదో పొర్లినట్టు లోతుగా అచ్చు పడి ఉంది. పంది ఈగల బాధకి బురదలో దిగబోయి ఇందులో దిగింది.

"ఇదేమిట్రా షుమీ?" అంది అక్కడ తెడ్డు చెక్కుతున్న ఇద్దిన్ జతగాణ్ణి.

"ఏమో, నేను చూళ్ళేదు."

"గుంటలో ఏనుగు పడ్డా చూడవు నువ్వు."

పందుల పుజూర్ ఇల్లు రేవుకి ఆనుకునే ఉంది. ముసలాయన ఉల్లిపాయ కొరుక్కుంటూ బయటికొచ్చాడు.

"తాతా, నీ దగ్గర నల్లపంది ఉందా?"

"నల్లదా? నేనేం పిచ్చోణ్ణా తల్లీ? ఊళ్ళో ఏ పీనుగు లేచినా నా మీదికొస్తారు. మా తాతనాటి నుంచీ మావి తెల్లవే. నమ్మకపోతే చూసుకో." దొడ్డివైపు చెయ్యి చూపించి తనే లెక్కపెట్టి ఆగాడు. "పెద్దది నిన్నట్నుంచి కొంపకి రాలేదు. దాన్ని గానీ ఎవరైనా కోసుకు తిన్నారా?"

"తిన్లేదు. ముస్తాబు చేసుకుని తిరుగుతోంది. తాడు తీసుకునిరా."

రెల్లుపొదల నీడలో దొరికింది. చెవుల దగ్గర్నుంచి తోక దాకా నల్లగా, ఒంటినిండా ఈగలు అంటుకుని, నానా అవస్థా పడుతోంది. పుజూర్ దాన్ని చూసి గుర్తుపట్టలేదు. అది మాత్రం ఆయన్ని గుర్తుపట్టి గుర్రుమంది. పట్టుకోడానికి నలుగురు కావాల్సొచ్చింది. షుమి దాని మీద పడబోయి రెల్లులో పడ్డాడు.

ఈలోపల రిబాతు ఇంటికి పోయి నువ్వులనూనె కుండ తెచ్చింది. ఆ వేసవికి కట్లన్నిటికీ ఉంచుకున్న నూనె అది. తారు నీళ్ళకి లొంగదు, గోకితే తోలు ఊడి వస్తుంది. తారు కట్లు విప్పేటప్పుడు రోగి చర్మం లేవకుండా నూనె పట్టించి, కాసేపు ఆగి, మెత్తటి బూడిద చల్లి రుద్దుతారు. ఆ పని ఆమె కొన్ని వందలసార్లు చేసింది. పందికి చెయ్యడం ఇదే మొదలు.

"పందికి తలంటా?" అన్నాడు పుజూర్. "మా ఆవిడకి పెళ్ళినాడు కూడా ఇంత నూనె పొయ్యలేదు."

"అందుకే ఆవిడ నీతో అట్లా మాట్లాడుతుంది. కాళ్ళు గట్టిగా పట్టుకో."

రేవులో పనులాగాయి. సరుకు దించేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, చేపల బుట్టల వాళ్ళు చుట్టూ చేరారు. ఉబార్ ఎర్రశాలువా భుజం మీద సర్దుకుని ఒక పక్కగా నిలబడ్డాడు. రిబాతు పంది పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వీపు మధ్య నుంచి మొదలుపెట్టింది. నూనె పోసి, అరచేత్తో నిమిరి, బూడిద చల్లి, గుడ్డతో తుడిచింది. మొదటి గుడ్డ నల్లగా వచ్చింది. రెండోదీ నల్లగానే వచ్చింది. మూడో గుడ్డకీ తేడా కనపడలేదు. వెంట్రుకలు తెల్లవేనా, ఎండ అలా చూపించిందా? నాలుగో గుడ్డ కింద నుంచి బొటనవేలంత తెలుపు బయటపడింది. మరికాస్త రుద్దితే అరచెయ్యంతైంది. ఆ తర్వాత నల్లటి పొర దానంతటదే వదులై ముక్కలు ముక్కలుగా వచ్చేసింది. గులాబిరంగు కడుపు, తెల్లటి వీపు, బిత్తరపోయిన కళ్ళు.

"నూనె రాస్తే మా గాడిదా మెరుస్తుంది" అన్నాడు షుమి రెల్లు దులుపుకుంటూ.

"నీ ముఖానికీ రాస్తా రా, లోపల ఏముందో చూద్దాం" అంది రిబాతు తల ఎత్తకుండానే. జనం నవ్వారు.

ఉబార్ నవ్వలేదు. శాలువా అంచు పైకి దోపుకుని వచ్చి వంగాడు. ఎడమ చెవి వెనక ఇంకా మిగిలిన నలుపు మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. నలుపు వేలికొచ్చింది, తెలుపు పందికి మిగిలింది. తన వేలు తనే తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఇంటికి పోయి, చేతులు కడుక్కుని, మొదట్నుంచి బయల్దేరతాను" అన్నాడు. "దీన్ని వదిలెయ్యండి. ఎవరూ దీని వెంట పోకూడదు, ముందూ పోకూడదు. ఏది ఎదురైతే అదే చెబుతాను. ఏదీ ఎదురుకాకపోతే పొద్దుటి మాటే మాట."

రిబాతు తాడు విప్పింది. నూనె కారుతున్న పంది ఒకసారి ఒళ్ళు దులిపి దగ్గరున్న వాళ్ళందరి బట్టలూ పాడుచేసి, ఇద్దిన్ ఇంటికి సరిగ్గా ఎదురు దిక్కున కాలువ వెంట పరుగెత్తి పొదల్లో కలిసిపోయింది.

జనం నవ్వు ఆగిపోయింది. రిబాతు ఖాళీ కుండ అక్కడే వదిలేసి తమ్ముడి ఇంటికి నడిచింది. ఆ రోజు ఆమె నడక నెమ్మదిగా ఉండటం చూశామని చూసినవాళ్ళు చెప్పారు.

ఇంటి దగ్గర లమస్సి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె బార్లీ సారా కాచి అమ్ముతుంది. వడగట్టిన పిప్పి రోజూ ఆ వేళకి గుమ్మం ఎదుట గోతిలో పారబోస్తుంది. ఆ ఉదయం నుంచి ఇంట్లో ఏ పనీ జరగలేదు. పిప్పి గంప అట్లాగే ఉంది, పులిసిన వాసన వీధి చివరిదాకా కొడుతోంది.

"వదినా" అంది మెల్లిగా, "ఇది నేను రోజూ పిప్పి పారబోసే వేళ."

రిబాతు ఆమె వైపు చూసింది.

"రోజూ పోస్తావా?"

"పెళ్ళయినప్పట్నుంచీ."

"అయితే నీ పని నువ్వు చేసుకో. నన్నడక్కు. నేను నీతో మాట్లాళ్ళేదు."

లమస్సి పిప్పి పారబోసి లోపలికెళ్ళి తలుపు వెనక నిలబడింది. రిబాతు అరుగు మీద మందు కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గుల తల్లిని ఏమీ అడగలేదు. అడిగితే అదీ తోలుకురావడమే అవుతుందేమోనని భయం. వీధికి ఆ చివర ఎర్రశాలువా కనిపించింది. ఉబార్ తల వంచుకుని, ప్రతి అడుగూ చూసుకుంటూ వస్తున్నాడు. ఒక పావురం ఎగిరింది. అది లెక్కలోకి రాదు. ఒక గాడిద ఎదురొచ్చింది. అదీ రాదు. ఇంకా అయిదు ఇళ్ళు. నాలుగు. మూడు.

ఇళ్ళ సందులోంచి గుర్రుగుర్రుమంటూ, దారిలో ఎవరున్నారో ఎవరు లేరో చూసుకోకుండా, తెల్లపంది వచ్చింది. మంత్రగాడి కాళ్ళ ముందు నుంచి అడ్డంగా దూసుకుపోయి పిప్పి గోతిలో మూతి పెట్టింది. ఎండలో దాని వీపు కడిగిన వెండిపళ్ళెంలా ఉంది.

ఉబార్ నిలబడిపోయాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం వీధిలో ఎవరూ వినలేదు.

"తెల్లపంది. నాకు తెల్లపంది ఎదురైంది. ఇద్దిన్ బతుకుతాడు. ఇందాక నేను చూసిందీ ఇదే పంది, తొందరపడి దాని ఒంటిమీది తారుని చూసి చెప్పాను. ఆ తప్పు నాది, శకునానిది కాదు."

ఆ మాట అనడానికి ఆయన ఎంత తగ్గాల్సొచ్చిందో వీధి మొత్తానికీ తెలుసు. ఈసారి ఆయన గడప దాటి లోపలికెళ్ళాడు.

"తెల్లదా?" అన్నాడు ఇద్దిన్ గోడవైపు నుంచే.

"తెల్లది. నూనె కూడా కారుతోంది."

"మా అక్క నూనేనా?"

"మీ అక్క నూనే. కుండెడూ అయిపోయింది."

ఇద్దిన్ నెమ్మదిగా ఇటు తిరిగాడు. కళ్ళు గుంటలుపడి ఉన్నాయి, పెదవి కొస మాత్రం కదిలింది. "అంత నూనె పోశాక చస్తే మా అక్క నన్ను బతకనివ్వదు" అని నోరు తెరిచాడు.

రిబాతు చేదు కషాయం చుక్క కింద పడకుండా తాగించింది. తర్వాత చాకు కాల్చింది. ఉబార్ రోగి తల తన ఒళ్ళో పెట్టుకుని, భుజాలు అదిమిపట్టి మంత్రం ఎత్తుకున్నాడు. ఆమె పుండు కోసింది. ఇద్దిన్ అరుపుకి పంది కూడా తిండి మానేసి తల ఎత్తిందని లమస్సి తర్వాత అందరికీ చెప్పింది. లోపలి నుంచి చీముతోపాటు ఏడు రోజుల నాటి తారు ముద్ద బయటికొచ్చింది. వేడినీళ్ళతో ఒకసారి, సారాతో మూడుసార్లు కడిగి, ద్రాక్షతీగ పొడి, దేవదారు జిగురు కలిపిన పట్టు వేసి కట్టింది. మంత్రం ఎక్కడ ఆగితే అక్కడ ఆమె అందుకుంది, ఆమె ఆగినచోట ఆయన అందుకున్నాడు. అలా కట్టు మార్చినప్పుడల్లా మూడు రోజులు. నాలుగో రోజు పొద్దున లమస్సి పరుగెత్తుకొచ్చి, "వదినా, చెమటలు పోశాయి, ఉల్లిపాయా రొట్టే కావాలిట, నన్ను తిడుతున్నాడు" అంది.

"ఏమని తిడుతున్నాడు?"

"రొట్టె చిన్నదని."

రిబాతు రోలు పక్కన కూర్చుని చాలాసేపు నవ్వింది. నవ్వుతూనే ముఖం కొంగులో దాచుకుంది. లమస్సి పక్కన కూర్చుంది.

ఆ తర్వాత కాలువగట్టు వీధిలో ఒక కొత్త వాడుక వచ్చింది. ఉబార్ రోగి ఇంటికి ఒంటరిగా వెళ్ళడం మానేశాడు. ముందు రిబాతు గుమ్మం ముందు ఆగి, "రా, ఇద్దరం చూద్దాం" అనేవాడు. చెడ్డ శకునం ఎదురైతే ఆమె ముఖం చూసేవాడు. ఆమె వెళ్ళి తడిమి వచ్చేది. ఒక్కోసారి నలుపు నలుపే అయ్యేది. అప్పుడు కూడా ఆమె కుండ దించేది కాదు, ఆయన దించమనేవాడు కాదు. "చెప్పడం నా పని, పోయడం నీ పని" అని గడప దగ్గర పక్కకి తప్పుకునేవాడు. ఆ కుండలోని మందు తాగి లేచి తిరిగినవాళ్ళు ఆ వీధిలో ఎంతమంది ఉన్నారో లేచినవాళ్ళే చెప్పాలి.

ఖర్జూరాలు పండే వేళకి ఇద్దిన్ గుల తల్లి గుడికి మొక్కు తీర్చడానికి బయల్దేరాడు. కర్ర ఇవ్వబోతే వద్దన్నాడు. రేవు నుంచి గుడిదాకా కుంటుకుంటూ తన పాదం మీద తనే నడిచాడు. వెనక లమస్సి, షుమి, పుజూర్, ఎర్రశాలువాతో ఉబార్, ఇంకా సగం వీధి. కుక్క గుల తల్లికి ఇష్టమైన జంతువు, నయమైనవాళ్ళు ఆమెకి మట్టికుక్క ఇచ్చుకోవడం ఆనవాయితీ. ఇద్దిన్ తనే చేసి కాల్చాడు. గుడి వాకిలి దగ్గర కాపలావాడు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది కుక్కా?"

"కుక్కే" అన్నాడు ఇద్దిన్.

"దీని మూతి పందిలా ఉందే."

"నా చేతికి అట్లా వచ్చింది బాబూ. పడవలకి తారు పూసే చెయ్యి."

కాపలావాడు ఉబార్ వైపు చూశాడు, పెద్దమనిషి కదా ఏమంటాడోనని. ఉబార్ మట్టిబొమ్మని దగ్గరికి తీసుకుని, చెవి వెనక వేలితో రుద్ది, వేలు చూసుకుని, "కుక్కే, లోపల పెట్టు" అన్నాడు. సగం వీధీ గొల్లుమంది. వెనకనున్న వాళ్ళకి ఏం జరిగిందో తెలియకపోయినా నవ్వారు.

రిబాతు మెట్ల దాకా కూడా రాలేదు. దారిలో ఎవరో చెవిపోటుతో ఏడుస్తున్న పిల్లని ఎత్తుకుని ఎదురైతే అక్కడే ఆగిపోయింది. ఆ పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని గుడివైపు ఒక్కసారి చూసింది. తమ్ముడు ఎవరి భుజం మీదా చెయ్యి వెయ్యకుండా మెట్లెక్కుతున్నాడు. ఆఖరి మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగి, "అక్కా, చూశావా" అని కేకేశాడు.

"చూశాను. కాలు చూసుకుని దిగు" అని అరిచి, పిల్ల చెవిలోకి వంగింది.